ఫీజు పెరగకపోతే కట్టేది ఎవరు?

ఏటా చలికాలం మధ్యకు వచ్చేసరికి మస్కట్‌లో మన ఇళ్ళల్లో ఒకే చర్చ మొదలవుతుంది. ఏప్రిల్‌లో పిల్లలకు కొత్త తరగతులు. ఆ లోపలే బడివాళ్ళు రాబోయే ఏటి జమాఖర్చుల అంచనా తయారు చేసుకోవాలి. తయారు చేస్తే ఫీజు పెంచుతారేమో! పెంచకూడదని మనమందరం కోరుకుంటాం. ఆ కోరికలో తప్పేమీ లేదు. ఇక్కడి అద్దెలు, ఊళ్ళో అమ్మానాన్నల మందులు, చెల్లెలి పెళ్ళికి చేసిన అప్పు, కట్టుకుంటున్న ఇంటి వాయిదాలు అన్నీ ఒక్క జీతంలోంచే వెళ్ళాలి. అయితే ఈ కోరికను మనం మాటల్లో పెట్టే తీరును గురించి కొంచెం ఆలోచించవలసి ఉన్నది. “ఈ ఏడు పెరిగిన ఖర్చు బడే భరించాలి” అంటాం. బడి అంటే ఎవరు?

ఒమాన్‌లో ఈ ప్రశ్నకు జవాబు తేలిక కాదు. హైదరాబాదులోనో విజయవాడలోనో అయితే బడికి ఒక యజమాని ఉంటాడు, లేదా ఒక ట్రస్టు, లేదా ఒక కార్పొరేట్ కంపెనీ. ఫీజు తగ్గించమంటే ఆయన లాభం తగ్గించుకోమని అడిగినట్టు. ఇక్కడి భారతీయ పాఠశాలల కథ వేరు. 1970లో సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కేనాటికి ఈ దేశం మొత్తం మీద ఉన్న ఆధునిక పాఠశాలలు మూడే. సుమారు 900 మంది చదువుకునేవారు, అందరూ మగపిల్లలే. ఆ తరువాతి అయిదేళ్ళలో రోడ్లు, రేవులు, ఆస్పత్రులు కట్టడానికి వచ్చిన మనవాళ్ళు పిల్లల కోసం 1975లో ఇండియన్ స్కూల్ మస్కట్‌ను నెలకొల్పుకున్నారు. 1981లో సలాలా, 1990లో అల్ ఘుబ్రా, 1991లో వాదీ కబీర్, 1992లో దార్సైట్... ఇలా ఇప్పుడు ఇరవై దాటాయి. అన్నీ ఒక బోర్డు కింద నడుస్తాయి. ఆ బోర్డులోకి కొందరిని తల్లిదండ్రులే ఓటు వేసి ఎన్నుకుంటారు. ప్రతి బడికీ ఒక నిర్వాహక సంఘం ఉంటుంది. లాభం తీసుకొని ఇంటికి వెళ్ళేవాడు ఎవడూ లేడు. వచ్చే డబ్బులో దాదాపు అంతా మనం కట్టే ఫీజే.

కనుక “బడి భరించాలి” అన్నప్పుడు ఆ మాట వెళ్ళి తగలడానికి అక్కడ ఎవరూ లేరు. యజమాని లేని ఇంట్లో ఒకరి వాటా తగ్గిందంటే ఇంకెవరి వాటానో పెరిగిందని అర్థం. ఆ ఇంకెవరో ఎవరన్నదే మేము ఈ వ్యాసంలో విచారించదలచినది. మేము లెక్కల పండితులం కాము, వైద్యులం. కాని ఈ లెక్కకు పెద్ద పాండిత్యం అక్కరలేదు.

ఊహకు ఒక బడి తీసుకుందాం. ఇది ఏ బడి లెక్కా కాదు; అంకెలు సులువుగా ఉండటానికి మేము కల్పించుకున్నది. 2000 మంది పిల్లలు. తరగతి గదికి 40 మంది చొప్పున 50 సెక్షన్లు. 120 మంది ఉపాధ్యాయులు. ఫీజు నెలకు 40 రియాళ్ళు, పన్నెండు నెలలు. ఏడాది రాబడి 9,60,000 రియాళ్ళు. ఉపాధ్యాయుల జీతం సగటున 400 అనుకుంటే ఏడాదికి 5,76,000. అంటే నూటికి అరవై. ఆఫీసువాళ్ళు, ఆయాలు, వాచ్‌మన్లు కలిసి ఇంకో పది. మిగిలిన ముప్పైలో కరెంటు, మరమ్మతులు, ప్రయోగశాల, పుస్తకాలు, బీమా, వీసాల ఖర్చు, ఇంకా నూటొక్క చిల్లర పద్దులు. ఏప్రిల్, మే, జూన్ నెలల్లో మస్కట్‌లో ఏసీ లేకుండా ఒక గంట కూడా పాఠం నడవదు. 2021 ఏప్రిల్‌లో 5 శాతం విలువ ఆధారిత పన్ను వచ్చింది. చదువు చెప్పడం మీద ఆ పన్ను లేదు గనుక మనకేమీ తగలలేదనుకున్నాం. నిజానికి ఫీజు మీద పన్ను వసూలు చేయని బడి తాను కొన్న వస్తువుల మీద కట్టిన పన్నును వెనక్కి తెచ్చుకోలేదు. అది ఖర్చులోనే కలిసిపోతుంది.

ఈ లెక్కలో గుర్తుంచుకోదగిన సంఖ్య ఒకటే ఉంది. పిల్లకు నెలకు ఒక్క రియాలు మారితే ఏడాదికి 24,000 రియాళ్ళు మారతాయి. దాన్ని 120 మంది ఉపాధ్యాయులకు పంచితే ఒక్కొక్కరికి ఏడాదికి 200. నెలకు పదహారున్నర రియాళ్ళ పైచిలుకు. అంటే మనం ఆపించిన ఆ ఒక్క రియాలు ఆవిడ ఇంట్లో పదహారు రియాళ్ళు. మనకు చిన్నదిగా కనిపించేది అక్కడికి చేరేసరికి అంతవుతుంది. ఇద్దరు పిల్లలున్న తండ్రికి నెలకు రెండు రియాళ్ళు కలిసి వచ్చాయి, మంచిదే. ఆ రెండు రియాళ్ళు ఎక్కడినుంచి వచ్చాయో ఆయనకు ఎవరూ చెప్పరు. ఓపెన్ ఫోరంలో చప్పట్లు కొట్టి ఇంటికి వెళతాడు.

కరెంటు బిల్లు ఆపలేం. బీమా ఆపలేం. వీసా రుసుము ఆపలేం. నిజంగా ఆపగలిగింది ఒక్కటే, జీతాల పెంపు. అందుకే ఏ బడిలోనైనా కష్టకాలపు బడ్జెట్టు మొదట వెళ్ళేది అక్కడికే. పొదుపంటే వార్షికోత్సవాల ఆర్భాటం తగ్గించమనే వాళ్ళున్నారు. తగ్గించవలసిందే, రంగుల కాగితం మీద అచ్చువేసే ఆహ్వానాల దగ్గరనుంచి. కాని వేదిక మీద ఆడేది మన పిల్లలే అయ్యేసరికి ఆ మాట అన్నవాళ్ళే ముందు వరుసలో కెమెరాతో నిలబడతారు. ఏమైనా అక్కడ మిగిలేది కొద్ది వేలే.

మన పెద్దలు ఈ విషయంలో మొహమాటపడలేదు. వీధిబడుల కాలంలో దసరా వచ్చిందంటే పంతులుగారు పిల్లలకు విల్లంబులు ఇచ్చి, పాట పాడించుకుంటూ ఇంటింటికీ తీసుకువెళ్ళేవారు. ఊరివాళ్ళు పిల్లలకు పప్పుబెల్లాలు పెట్టి అయ్యవారికి డబ్బో బట్టో ఇచ్చేవారు. ఆ పాట ఎరిగినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది: అందులో మొదట వచ్చేది అయ్యవారి వాటా, తరువాతనే పిల్లల పప్పుబెల్లాలు. పంతులుగారి జీతం వీధిలో, పిల్లల గొంతుతో, అందరూ వినేలా అడిగిన లెక్క అది. అందులో ఆయనకు కొంత చిన్నతనం కూడా ఉండేదనుకోండి. గురువు గడప గడపా తొక్కడం గౌరవమని మేము అనము. కాని ఆయన కడుపు ఎవరి చేతిలో ఉందో ఊళ్ళో ప్రతి ఇల్లాలికీ తెలుసు.

ఆ ఏర్పాటు ఎలా కూలిందో కూడా తెలిసిన కథే. 1823లో బళ్ళారి కలెక్టరు కాంబెల్ తన జిల్లాలోని బళ్ళను లెక్కించి మద్రాసు ప్రభుత్వానికి నివేదిక పంపాడు. అప్పటి బళ్ళారి జిల్లాలో నేటి అనంతపురం సీమ కూడా కలిసే ఉండేది. 533 బళ్ళు, వాటిలో 226 తెలుగువి. మొత్తం విద్యార్థులు 6,641 మంది, అంటే బడికి సగటున పన్నెండు మందే. ఆ కాస్తమంది తల్లిదండ్రులు నెలనెలా ఇచ్చే దానిమీదే పంతులు బతికేవాడు. దేశం బీదదవుతున్నకొద్దీ ఇవ్వగలిగేవాళ్ళు తగ్గిపోయారనీ, అందువల్లనే బళ్ళు క్షీణిస్తున్నాయనీ కాంబెల్ రాశాడు. బడి మూతపడే ముందు పంతులు ఎన్ని నెలలు సగం జీతానికి చెప్పి ఉంటాడో, దానికి లెక్క ఏ నివేదికలోనూ ఉండదు. రెండు వందల ఏళ్ళ తరువాత, కడలికి ఈవలి గట్టున, మన బళ్ళు నిలబడి ఉన్నదీ అదే ఒంటి స్తంభం మీద.

ఇక్కడ ఒక వాదన తరచు వినిపిస్తుంది. మర్యాదస్థుల నోట కూడా. “మన బళ్ళలో చెప్పే టీచర్లలో ఎక్కువమంది భర్తలతో వచ్చిన ఆడవాళ్ళే కదా, వాళ్ళ ఇల్లు ఆ జీతం మీద నడవడం లేదు కదా” అని. మాది వైద్యవృత్తి. మా ఆస్పత్రుల్లోనూ భర్త వెంట వచ్చి పనిచేస్తున్న డాక్టరమ్మలు, నర్సులు ఉన్నారు. రాత్రి రెండు గంటలకు ప్రసవం చేసిన డాక్టరమ్మను మీ ఆయన ఏం చేస్తుంటారని అడిగి ఫీజు నిర్ణయించినవాణ్ణి మేము చూడలేదు. పనికి విలువ కట్టేటప్పుడు పనినే చూస్తాం. అదే ఆవిడ మన పిల్లవాడికి భిన్నాలు నేర్పితే మాత్రం ఆవిడ ఇంటి వంటగదిలోకి తొంగిచూసి, గ్యాస్ సిలిండర్ ఎవరు కొంటున్నారో చూసి మరీ జీతం కడతాం. ఇందులో ఇంకో చిక్కు కూడా ఉంది. భర్తకు ఉద్యోగం మారితే ఆవిడా వెళ్ళిపోతుంది. జీతం తక్కువైతే ఆ లోపలే ఇంకేదో ఆఫీసుకు వెళ్ళిపోతుంది. లెక్కల టీచరు సంవత్సరం మధ్యలో మారిందని విసుక్కునే మనం, ఆ మార్పును మనమే కొనుక్కున్నామని గ్రహించం.

మనలో చాలామంది సొంత ఊరి బడికి గది కట్టించినవాళ్ళమే, కనీసం ఒక బీరువా పుస్తకాలు పంపినవాళ్ళమే. అది మంచి పని; ఎవరూ వద్దనరు. గదికి గోడ ఉంటుంది, గోడకు పలక ఉంటుంది, పలక మీద తాతగారి పేరు చెక్కవచ్చు. జీతానికి గోడ ఉండదు.

జీతం కంటే కూడా కంటికి కనపడని బాకీ ఒకటి ఉంది. అది సర్వీసు ముగిసినప్పుడు ఇచ్చే గ్రాట్యుటీ. 2003 నాటి ఒమాన్ కార్మిక చట్టం ప్రకారం మొదటి మూడేళ్ళకు ఏడాదికి పదిహేను రోజుల మూలవేతనం, ఆ పైన ఏడాదికి నెల చొప్పున ఇవ్వాలి. 2023లో వచ్చిన కొత్త చట్టం మొదటి ఏడు నుంచే నెల చొప్పున అన్నది. మన ఊహాపాఠశాలలో మూలవేతనం సగటున 300 రియాళ్ళు అనుకుంటే, 120 మందికి ఏటా 36,000 రియాళ్ళ బాకీ పేరుకుంటుంది. పిల్లకు నెలకు ఒకటిన్నర రియాలు. ఆ డబ్బు ఈ ఏడు ఎవరూ అడగరు, కనుక ఈ ఏడు పక్కన పెట్టకపోయినా ఎవరికీ తెలియదు. పైగా గ్రాట్యుటీని లెక్కకట్టేది చివరి మూలవేతనం మీద. పదేళ్ళు పనిచేసిన టీచరుకు ఇవాళ ఇరవై రియాళ్ళు పెంచితే, గడిచిన పదేళ్ళ బాకీ కూడా ఆ ఇరవై మేరకు ఒక్కసారిగా లేస్తుంది. జీతం పెంచిన సంగతి మీటింగులో చెబుతారు. వెనకటి బాకీ పెరిగిన సంగతి చాలాసార్లు చెప్పినవారికే తట్టదు.

ఈ బాకీని వరుసగా అయిదేళ్ళు పట్టించుకోని బడి ఫీజులు ఆ అయిదేళ్ళూ చవగ్గా కనిపిస్తాయి. ఆరో ఏడు పాతిక మంది పాత టీచర్లు ఒకేసారి విరమిస్తే అప్పటి తల్లిదండ్రుల నెత్తిన పడుతుంది. వాళ్ళెవరో మనకు తెలియదు. వాళ్ళ పిల్లలు ఇంకా ఉయ్యాలలో ఉంటారు. వాళ్ళకు ఓటు లేదు. ముందుముందు విదేశీ ఉద్యోగులకు గ్రాట్యుటీ స్థానంలో పొదుపు పథకం తెస్తామని 2023 సామాజిక రక్షణ చట్టం చెప్పింది. అందులో యజమాని నెలనెలా కట్టవలసి ఉంటుంది. అప్పుడు ఈ పద్దును దాచడం కుదరదు. మాకు అది మంచిదే అనిపిస్తుంది. రక్తపోటు కొలవనంత కాలం లేనట్టే ఉంటుందన్న రోగులతో మాకు రోజూ పరిచయం.

ఇదే చర్చ భవనాల దగ్గర ఇంకా పదునెక్కుతుంది. పెంకులూడిన గోడ, పదిహేనేళ్ళ ఏసీ, పాతబడిన ప్రయోగశాల, వీటి కోసం ప్రతి ఏడూ కొంత తీసి పక్కన పెట్టమంటారు లెక్కలు తెలిసినవాళ్ళు. తల్లిదండ్రులు అడుగుతారు: “మా వాడు పన్నెండో తరగతి. మార్చితో మాకూ ఈ బడికీ రుణం తీరిపోతుంది. రాబోయే ఏళ్ళ గదులకు మేమెందుకు కట్టాలి?” ఇది తీసిపారేయదగ్గ ప్రశ్న కాదు. సొంత ఊళ్ళో అయితే కొడుకు చదివిన బడిలోనే మనవడూ చదువుతాడు, నాటిన చెట్టు నీడ ఇంట్లోనే ఉంటుంది. ఇక్కడ ఎవరమూ ముసలివాళ్ళం కాము. అయిదేళ్ళో పదేళ్ళో ఉండి, సామాన్లు కట్టుకొని పోతాం. జాన్ రాల్స్ అనే అమెరికన్ తత్త్వవేత్త 1971లో వెలువరించిన న్యాయసిద్ధాంతంలో ఒక తరం తరువాతి తరానికి ఎంత మిగిల్చి వెళ్ళాలనే విషయం చర్చించాడు. తాను ఏ తరంలో పుట్టబోతున్నాడో తెలియనివాడు ఏ ఏర్పాటుకు ఒప్పుకుంటాడో అదే న్యాయమంటాడు. ఆయన తరమంటే ముప్పై ఏళ్ళు. మస్కట్‌లో తరమంటే ఒక వర్క్ పర్మిట్.

మా అభిప్రాయం ఇది. మనవాడు కూర్చున్న బెంచీ మీద మనవాడు అరగదీసిన మేరకు మనం బాకీ. పన్నెండేళ్ళు వాడిన ఏసీలో పన్నెండేళ్ళ తరుగు మనది. దాన్ని ఇవ్వడం దానం కాదు, వాడుకున్నదానికి వెల. కొత్త బడి కట్టాలంటే మాత్రం ఆ బరువంతా ఇవాళ ఉన్నవాళ్ళ మీద వేయడం సబబు కాదు; అది అప్పు తెచ్చి, ఆ గదుల్లో కూర్చోబోయేవాళ్ళ మీద పదిహేను ఇరవై ఏళ్ళకు పరచవలసిన ఖర్చు. ఈ రెంటినీ ఒకే “అభివృద్ధి నిధి” పేరుతో కలిపేసినప్పుడే పేచీలు వస్తాయి. అప్పుడు రెండో దానికి వద్దనే హక్కున్న తండ్రి మొదటిదానికి కూడా వద్దంటాడు. ఇది కూడా చెప్పాలి: 1975లో ఆ మొదటి బడి పెట్టుకున్నవాళ్ళలో ఎందరు తమ పిల్లలు ఇప్పటి మేడల్లో చదవడం చూశారు? మనం కూర్చున్న నీడ వాళ్ళది. వాళ్ళలో ఒక్కరి పేరు కూడా మనకు తెలియదు.

ఇంతవరకు ఫీజు పెంచవద్దనే వాళ్ళ మీద కొంచెం కటువుగా రాశాము. ఇక రెండో పక్కకు వద్దాం. “పెంచితే పెంచనివ్వండి, నాణ్యత ముఖ్యం” అని ధారాళంగా చెప్పేవాళ్ళలో పిల్లల ఫీజు కంపెనీ కట్టేవాళ్ళు ఎందరో ఒకసారి చేతులెత్తించి చూడాలి. పక్కవాడి జేబుతో ఉదారంగా ఉండటం కూడా ఒక రకమైన లోభమే. ఒమాన్‌లో విదేశీయుడు కుటుంబాన్ని తెచ్చుకోవాలంటే ఒకప్పుడు నెలకు 600 రియాళ్ళ జీతం ఉండాలి. 2017లో దాన్ని 300కు తగ్గించారు, 2023లో 150కి. ఎంతో మంచి మార్పు. మన గ్యారేజీల్లో, దుకాణాల్లో పనిచేసే తమ్ముళ్ళు ఏళ్ళ తరబడి ఫోనులో పెంచిన పిల్లల్ని దగ్గరికి తెచ్చుకోగలిగారు. కాని 150 రియాళ్ళ జీతగాడికి మన ఊహాపాఠశాలలో ఇద్దరు పిల్లలుంటే ఫీజు 80 రియాళ్ళు. సగానికి పైన. బస్సు వేరు, పుస్తకాలు వేరు. ప్రభుత్వం తలుపు తెరిచింది, ఫీజు దానికి గొళ్ళెం పెట్టింది. ఆ గొళ్ళెం వేసింది ఎవరంటే మళ్ళీ మనమే. బడి అంటే మనమే కనుక.

అందరికీ ఒకటే ఫీజు కనుక న్యాయమంటారు. మా వైద్యంలో పిల్లలకు మందు బరువును బట్టి ఇస్తాం. పది కిలోల పిల్లకూ నలభై కిలోల పిల్లవాడికీ ఒకే మోతాదు వేస్తే దాన్ని సమానత్వమని ఎవరూ అనరు. అయితే బరువు తూచడం సులువు, జీతం తూచడం కష్టం. రాయితీ కావాలంటే జీతం కాగితం జతచేసి అర్జీ పెట్టుకోమంటే, ఆ అర్జీ తన ఊరివాళ్ళే కూర్చున్న సంఘం ముందుకు వెళుతుందంటే, మానం గల తండ్రి ఆ కాగితం ముట్టుకోడు. అప్పు చేసి కడతాడు. లేదా భార్యాబిడ్డల్ని మళ్ళీ విమానం ఎక్కిస్తాడు. అప్పుడు సంఘంవాళ్ళు రాయితీకి ఎవరూ రాలేదంటే అవసరం లేదనుకుంటారు. కాబట్టి రాయితీ దయాధర్మంగా చివర్న మిగిలినదాన్లోంచి కాకుండా, కరెంటు బిల్లులాగే బడ్జెట్టులో ముందే ఒక పద్దుగా ఉండాలి. అర్జీని ప్రిన్సిపాలు ఒక్కరే చూడాలి, పేర్లు సంఘానికి కూడా తెలియకూడదు. మన లెక్కలో రాబడిలో నూటికి రెండు తీస్తే 19,200 రియాళ్ళు. నలభై మంది పిల్లలకు ఏడాది ఫీజు. మిగిలినవాళ్ళకు పడేది నెలకు 800 బైసలు.

ఈ 800 బైసల దగ్గరే మాకు అసలు కష్టం ఎదురయింది. ఎందుకంటే అదే డబ్బును అడిగే పిల్లలు ఇంకొందరున్నారు. మాటలు ఆలస్యమైన పిల్లలు, ఆటిజం ఉన్నవాళ్ళు, అక్షరాలు కుదురుగా నిలవనివాళ్ళు. మస్కట్‌లోని మన పాఠశాలల్లో ఇలాంటి పిల్లల కోసం ప్రత్యేక విభాగం నడుస్తోంది. అది మన సమాజం చేసుకున్న మంచి పనుల్లో ఒకటి. మామూలు పిల్లవాడు కట్టే 40 రియాళ్ళలో టీచరు జీతానికి పోయేది 24. ప్రత్యేక శిక్షణ పొందిన టీచరు ఎనిమిది మంది కంటే ఎక్కువమందిని చూసుకోలేదనుకుంటే, అక్కడ ఒక్కో పిల్లకు టీచరు జీతమే 50 అవుతుంది. అలాంటి 24 మందికి ముగ్గురు టీచర్లు, మాట నేర్పే నిపుణురాలు ఒకరు. నలుగురికి ఏడాదికి 19,200 రియాళ్ళు. సరిగ్గా అదే అంకె. మేము కావాలని కుదర్చలేదు, లెక్క అలా వచ్చింది.

నలభై మంది బీదపిల్లలా, ఇరవై నలుగురు ప్రత్యేక అవసరాలున్న పిల్లలా? ఆస్పత్రిలో మాకు ఇటువంటి లెక్కలు కొత్త కాదు. ఒక్క వెంటిలేటరు ఉండి ఇద్దరు రోగులున్నప్పుడు ఎవరికి ఎక్కువ మేలు జరుగుతుందో చూడమని మాకు నేర్పారు. ఆ పద్ధతిలో చూస్తే తల ఒక్కింటికి తక్కువ ఖర్చయ్యే నలభై మంది గెలుస్తారు. కాని మాకు ఆ జవాబు రుచించలేదు. మామూలు పిల్లవాడికి మన బడి కాకపోతే ఇండియాలో ఏదో ఒక బడి ఉంది. ఆ రెండో పిల్లకు ఆమె పుట్టిన జిల్లాలో అలాంటి టీచరు దొరుకుతుందన్న నమ్మకం తక్కువ. నలభై మంది వైపు మాట్లాడేవాళ్ళు దీనికి వెంటనే జవాబు చెబుతారు: వెనక్కి వెళ్ళిన ఇంట్లో జరిగేది రెండు సందర్భాల్లోనూ ఒకటేనని. తల్లీ పిల్లలూ అక్కడ, తండ్రి ఇక్కడ రూవీలోనో హమ్రియాలోనో ఆరుగురు పడుకునే గదిలో. ఈ మాటకు మా దగ్గర ఎదురుమాట లేదు.

రెండూ కావాలంటే రియాలు మీద 600 బైసలు. టీచర్ల జీతానికి ఒక రియాలు, గ్రాట్యుటీకి ఒకటిన్నర కలిపితే నాలుగు రియాళ్ళ వంద బైసలు. ఇంతకంటే మనవాళ్ళు ఓపెన్ ఫోరంలో ఎక్కువగా అడిగేది సెక్షన్‌కు నలభై మంది కాకుండా ముప్పై ఇద్దరే ఉండాలని. దానికి పదమూడు సెక్షన్లు పెరగాలి, ముప్పై ఒక్క మంది టీచర్లు కావాలి, ఆరు రియాళ్ళ పైచిలుకు అవుతుంది, గదులు వేరే. తరగతి చిన్నదైతే మన పిల్లవాడికి మేలే. కాని ఆ ఆరు రియాళ్ళు మన పిల్లలకే తిరిగి వచ్చేవి. ముందు చెప్పిన నాలుగు రియాళ్ళ వంద బైసలు ఆ రోజు గదిలో లేనివాళ్ళవి: టీచరు బల్లకు అవతలి వైపు కూర్చుంటుంది, రాబోయే పిల్లలు పుట్టలేదు, గ్యారేజీ తమ్ముడికి ఆ సాయంత్రం డ్యూటీ, ఆ ఇరవై నలుగురి తల్లులు పిల్లల్ని వదిలి రాలేరు. రెంటిలో ఒకటే ఈ ఏటికి కుదురుతుందని సంఘంవాళ్ళు చెబితే, ఓటు మన చేతిలోనే ఉంటుంది. రెండేళ్ళు ఆగగలిగేది ముప్పై ఇద్దరి తరగతేనని మేము అనుకుంటున్నాము. మా ఇంట్లోనే దీనికి ఏకాభిప్రాయం లేదు.